నేను ఉడకబెట్టిన కొమ్ము

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఏదీ ఉండేది కాదు. ఇప్పుడు సర్వీసు ఇరవయ్యేళ్ళు దాటాక తెలిసినవి కూడా ఒక్కొక్కటే అనుమానంగా కనిపిస్తున్నాయి గానీ, ఏలూరులో నర్సింగు మొదటి ఏడాది పరీక్షలు రాసి, తెల్ల యూనిఫాం ఇస్త్రీ చేసి పెట్టెలో పెట్టుకుని సెలవులకి తాడేపల్లిగూడెం వచ్చిన ఆ వేసవిలో మాత్రం వైద్యశాస్త్రం మొత్తం నా చున్నీకి ముడేసి ఉండేది. మా వీధిలో ఎవరు దగ్గినా వెళ్ళి నాడి పట్టుకునేదాన్ని. ఎవరింట్లో మంచినీళ్ళ బిందె మీద మూత లేకపోయినా ఉపన్యాసం ఇచ్చేదాన్ని. పెద్దవాళ్ళు కూడా "అలాగేనమ్మా, అలాగే" అని బుద్ధిగా తలూపేవారు. (నేను వెళ్ళాక మూత మళ్ళీ తీసేసేవారని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.) మా అమ్మ ఒక్కతే లొంగేది కాదు. "ముందు ఆ బియ్యంలో రాళ్ళేరవే, తర్వాత ఊళ్ళో రోగాలేరుదువు గాని" అనేది.

ఆ వేసవిలోనే మా మావయ్యకి గొంతు ఆపరేషన్ కుదిరింది. మావయ్య అంటే మా నాన్న అక్కగారి భర్త. వాళ్ళది కైకలూరు అవతల, కొల్లేటి అంచున ఉన్న చిన్న ఊరు. పిల్లల్లేరు. ఉన్నవల్లా ఒక పెంకుటిల్లు, ఏడు గేదెలు, ఒక దోనె. గొంతులో పుండు బాగా ముదిరింది, మాట పెట్టె మొత్తం తీసేసి మెడ దగ్గర చిన్న బెజ్జం పెడతాం, ఇక ఊపిరి అక్కణ్ణించే, మాట ఉండదు అని డాక్టరుగారు చెప్పారు. ఇంత పెద్ద కేసు మా ఇంట్లోనే వచ్చిందంటే పక్కన ఉండాల్సింది నేనే అనుకుని, థర్మామీటరుతో సహా సంచీ సర్దుకున్నాను. పెద్దవాళ్ళంతా కూర్చుని తేల్చింది ఏమిటంటే, ఆస్పత్రిలో అత్తయ్య ఉంటుంది, కొల్లేట్లో ఇల్లూ గేదెలూ చూసుకోవడానికి నేను వెళ్ళాలి. "గేదెలకా? నేనా?" అని నేను చేసిన గొడవ మా వీధి చివరిదాకా వినబడింది. ఎవరూ వినిపించుకోలేదు. పాలిచ్చే రెండింటినీ దూడలతో సహా పక్కింటివాళ్ళకి అప్పగించారు. చూడివీ, వట్టిపోయినవీ కలిపి ఐదు నా పాలిట మిగిలాయి.

ఇక్కడ మావయ్య పని గురించి కాస్త చెప్పాలి. మావయ్య కొమ్ముబూరలు చేసేవాడు. పొద్దున్నే కొల్లేటి మీదకి మేతకి వదిలిన గొడ్లు సాయంత్రం ఇల్లు చేరాలంటే మనిషి కేక చాలదు. నడుమ కిక్కిస పొదలు, గుర్రపుడెక్క, నీళ్ళు, మైళ్ళ కొద్దీ ఖాళీ. అందుకని ప్రతి ఇంట్లోనూ గొడ్లని పిలవడానికి ఒక ఆవుకొమ్ము ఉండేది. (గేదె కొమ్ము పనికిరాదు. బల్లపరుపు, బరువు, గొంతు బొంగురు అని మావయ్య తీర్పు.) చచ్చిపోయిన ఆవు కొమ్ముల్ని చెరువు బురదలో పక్షం రోజులు పాతిపెడితే లోపలి ఎముక వదులై ఊడి వస్తుంది. కొసని రంపంతో కోసి, ఎర్రగా కాల్చిన చువ్వతో బెజ్జం పొడిచి, గాజుపెంకుతో గోకి, ఇటుకపొడితో తోమి, ఆముదం రాస్తే బూర తయారు. అంతవరకూ ఎవరైనా చేస్తారు. దానికి గొంతు పెట్టడం మావయ్య ఒక్కడికే వచ్చు. ఏ ఇంటి గొంతు ఆ ఇంటిదే, రెండిళ్ళకి ఒకే గొంతు పెట్టకూడదు. పెడితే పొద్దుగూకేసరికి వీళ్ళ గేదె వాళ్ళ దొడ్లోనూ, వాళ్ళ తిట్లు వీళ్ళ వాకిట్లోనూ ఉంటాయి. గొడ్లని అమ్మితే కొమ్మునీ వాటితోపాటే ఇచ్చెయ్యాలన్నది ఇంకో కట్టుబాటు, లేకపోతే అవి కొత్త ఇల్లు చేరవు. మూడూళ్ళ కొమ్ములూ మావయ్య చెవిలో ఉండేవి. తర్వాత్తర్వాత చేపల చెరువులు పెరిగాయి, మేత తగ్గింది, గొడ్లు తగ్గాయి, కొమ్ములు గోడలకెక్కాయి. నేను వెళ్ళేనాటికి సాయంత్రాలు రొయ్యల చెరువుల్లో ఏరేటర్ల చప్పుడే ఎక్కువ, కొమ్ము వినబడేది మావయ్య వాకిట్లోనే.

ఆస్పత్రికి బయల్దేరే ముందు రోజు మావయ్య నన్ను గట్టు మీద నిలబెట్టి, రెండుసార్లు సాగదీసి ఒకసారి తుంచి ఊదడం నేర్పాడు. రెండు పొడుగు, ఒక తుంపు. అప్పటికే ఆయన గొంతు బాగా జీరపోయింది. నేను బుగ్గలు పూరించి, కళ్ళు తేలేసి, ఊపిరంతా దాంట్లో పోసి ఊదితే ఫుర్రుమని ఉమ్మి వచ్చింది. మావయ్య నవ్వి, "ఊదేది నువ్వు కాదే నర్సమ్మా, కొమ్ము. నువ్వు ఊరికే కాస్త గాలియ్యి చాలు" అన్నాడు. మావయ్య గొంతుతో నేను విన్న ఆఖరి మాట అదే. అప్పుడు ఆ సంగతి నాకు తోచలేదు, నన్ను నర్సమ్మ అన్నాడని మాత్రం మురిసిపోయాను.

మర్నాటి సాయంత్రం ఊదాను. ఐదు నల్లటి తలలు నీళ్ళ మీద తేలుతూ వచ్చేశాయి. ముందు బంగారి (అది మందకి పెద్ద, చూడిది కూడానూ), వెనకాల మిగతా నాలుగూ. మూడు వారాలు అలాగే జరిగింది. ఇక నా గర్వానికి పట్టపగ్గాల్లేవు. ఎదురింటి మామ్మగారితో, "మాకు ఊపిరితిత్తుల పాఠం బాగా చెప్పారండీ, అందుకే ఒక్క ఊదుకే వచ్చేస్తున్నాయి" అన్నాను. ఆవిడ పాపం, "చదువంటే అదీ" అని ఆశ్చర్యపోయింది.

మావయ్యని ఇంటికి తీసుకొచ్చారు. మెడకి తెల్లటి కట్టు, చేతిలో బడిపిల్లల పలక, జేబులో బలపం. నలభయ్యేళ్ళు నోట్లో నాలుక లేనట్టు బతికిన మనిషి, గొంతు పోయాక మాటల పోగయ్యాడు. పొద్దుటినుంచీ రాయడం, చెరపడం. "కాఫీలో చక్కెర దొంగలు పడ్డారా?" అని రాసి అత్తయ్యకి చూపించేవాడు. "ఇన్నాళ్ళూ ఈ వాగుడంతా ఎక్కడ దాచారండీ?" అని అత్తయ్య నవ్వేది, నవ్వుతూ కొంగుతో కళ్ళొత్తుకునేది. నేను మాత్రం డ్యూటీలో ఉన్నాను. ఒక కాగితం మీద రూళ్ళు గీసి, నిబంధనలు రాసి, గోడకి అంటించాను. ఒకటి, నోట్లో పెట్టుకునే ప్రతి వస్తువునూ ఇరవై నిమిషాలు మరిగించవలెను. రెండు, చేతులు కడుక్కోకుండా మెడ ముట్టరాదు. మూడు, పొగా దుమ్మూ ఉన్న చోటికి పోరాదు. (దీని కింద ఎర్ర ఇంకుతో రెండు గీతలు.) నాలుగోది, మెడ మీద ఎప్పుడూ పల్చటి తడిగుడ్డ ఉంచవలెను అని. అప్పటికి కాగితం అయిపోవచ్చింది, అది కింద మూలన చిన్న అక్షరాల్లో ఇరుక్కుంది.

ఆ సాయంత్రమే అత్తయ్య అలవాటుగా కొట్టంలో పొగ వేసింది. కొల్లేటి దోమలు మామూలు దోమలు కావు. పొద్దు వాలగానే కొట్టంలో పిడకలూ వేపాకూ రాజేసి పొగ పెట్టకపోతే గొడ్లు తెల్లార్లూ నిలబడి తోక కొట్టుకోవాల్సిందే. పొగ ఇంటివైపు తిరిగింది. మావయ్య మెడలోంచి దగ్గు తెరలు తెరలుగా తన్నుకొచ్చింది, మొహం నల్లబడిపోయింది. నేను బిందెడు నీళ్ళు తీసుకెళ్ళి ఆ పొగ మీద గుమ్మరించి అత్తయ్యని కడిగేశాను. "మూడో నంబరు చదవలేదా అత్తయ్యా? ఇంకోసారి ఈ ఇంట్లో పొగ వేశావంటే చూడు!" అన్నాను. పెద్దదానివి, కట్టుకున్నదానివి, నీకు మాత్రం భయం లేదా అని ఒక్క మాట మెత్తగా అనలేకపోయాను. పొద్దున చూస్తే బంగారి పొట్ట నిండా దద్దుర్లు, కళ్ళచుట్టూ వాపు. అత్తయ్య దాని వీపు నిమురుతూ, "మరి వీటికెలాగే అమ్మాయ్?" అనడిగింది. నేను సమాధానం చెప్పడానికి క్షణం కూడా ఆలోచించలేదు. "మనిషి ముఖ్యమా, గేదె ముఖ్యమా అత్తయ్యా?" అన్నాను. అత్తయ్య లోపలికెళ్ళి దానికి రాయడానికి వేపనూనె తెచ్చుకుంది. మాట నెగ్గిందని నాకు సంతోషం వేసింది.

అదే ఊపులో మర్నాడు ఒకటో నంబరు అమలు చేశాను. పెద్ద డేగిశాలో నీళ్ళు మరగబెట్టి గ్లాసు వేశాను, చెంచా వేశాను, పళ్ళు తోముకునే బ్రష్షు వేశాను. (బ్రష్షు వంకర తిరిగిపోయింది, కనీసం అప్పుడైనా నాకు అర్థం కావాలి కదా!) ఇంకా మావయ్య నోట్లో పెట్టుకునేది ఏముందా అని ఇల్లంతా వెతికితే గూట్లో కొమ్ము కనబడింది. ఏళ్ళ తరబడి ఒక మనిషి మూతికి అంటిన వస్తువు, దాన్ని ఒక్కసారి కూడా ఎవరూ మరగబెట్టలేదు! దాని మీద ఎన్ని కోట్ల క్రిములు కాపురం చేస్తున్నాయో తలుచుకుంటే నాకు ఒళ్ళు జలదరించింది. ఆయన ఇక జన్మలో దాన్ని ఊదలేడన్న సంగతి మాత్రం తలుచుకోలేదు. వేశాను. గడియారం చూసి సరిగ్గా ఇరవై నిమిషాలు. వెంట్రుకలు కాలిన కంపు కొడుతుంటే క్రిములు చస్తున్నాయని సంతోషించాను. పట్టకారతో పట్టి పైకి లాగాను. కొమ్ము ఉడికిన ములక్కాడలా పట్టకార మధ్య అణిగిపోయింది. గాభరాపడి వేళ్ళతో గుండ్రంగా నొక్కబోతే ఇంకోవైపు వాలింది. ఆరేసరికి ఆ వాలుగానే గట్టిపడి కూర్చుంది.

దాన్ని వెనక దాచుకుని మావయ్య ముందు నిలబడ్డాను. చెయ్యి చాపాడు, ఇచ్చాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఈ చివరినుంచి ఆ చివరికి వెలుతురు చూశాడు. భుజాలు కదలడం మొదలెట్టాయి. ఏడుస్తున్నాడేమోనని నా ప్రాణం పోయింది. తీరా చూస్తే నవ్వుతున్నాడు. శబ్దం లేదు, మెడ దగ్గర కట్టు మాత్రం పైకీ కిందకీ ఎగురుతోంది. పలక అందుకుని రాశాడు. "ఉప్పు వేశావా?" అత్తయ్యా నేనూ పగలబడి నవ్వాం. మేము నవ్వుతుండగానే మావయ్య కొమ్ముని ఒళ్ళో పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. మళ్ళీ భోజనానికి కూడా లేవలేదు.

ఆ సాయంత్రం గట్టు మీద ఉడికిన కొమ్ము ఊదితే ముసలి పిల్లి మూలిగినట్టు ఏదో వచ్చింది. దూరంగా లంక మీద బంగారి తల ఎత్తి చూసి, మళ్ళీ గడ్డిలో పెట్టేసింది. నోటితో కేకలు వేశాను, డబ్బా వాయించాను, "నేనే! నేనే!" అని గెంతాను. నేనెవరో వాటికి తెలిస్తే కదా? ఇరవై రోజులూ వచ్చింది కొమ్ము కోసం, నా ఊపిరితిత్తుల కోసం కాదని అప్పటికి తెలిసింది. రెండో రోజూ రాలేదు, నాలుగో రోజూ రాలేదు. చేపల చెరువు కాపలాదారు వచ్చి, "ఏవండీ, మీ గేదెలు మా గట్టు తొక్కేత్తన్నాయండి. మళ్ళీ వత్తే కర్రుచ్చుకోవాల్సొత్తాది, తర్వాత నన్నేం అనకండి" అని మర్యాదగానే బెదిరించి వెళ్ళాడు. బంగారికి ఈనే రోజులు దగ్గరపడుతున్నాయి. చూడి గేదెని కర్రలతో తరిమితే ఏమవుతుందో నర్సింగు చదవని మావయ్యకే నాకంటే బాగా తెలుసు. ఆ రోజు పలక మీద ఒకటే మాట రాశాడు. "అటక మీద జత ఉంది."

జత అంటే రెండో కొమ్ము. అత్తయ్య కాపురానికి వచ్చిన కొత్తలో పెంచిన చుక్కావు చచ్చిపోయినప్పుడు కుడి కొమ్ము బూర అయింది. ఎడమ కొమ్ములో అత్తయ్య సూదులూ గుండీలూ దాచుకునేది. గుండీలు ఒక గిన్నెలో ఒంపి, కొమ్ముని చీరచెంగుతో తుడిచి నా చేతికిస్తూ, "జాగ్రత్తే, ఇంకోటి లేదు. చుక్కకి రెండే కొమ్ములు" అంది. మావయ్య చేతులు వణుకుతున్నాయి, ఊదడానికి ఊపిరి నోట్లోకి రాదు. కాబట్టి చేతులు నావి, గాలి నాది, చెవులు మావయ్యవి. ఎర్రగా కాలిన చువ్వ కొమ్ములో దిగితే పొగ వస్తుంది కదా, మూడో నంబరు ప్రకారం ఆయన్ని ఇరవై అడుగుల దూరంలో కూర్చోబెట్టాను. అక్కణ్ణించి పలక మీద రాసేవాడు, నేను చువ్వ పట్టుకుని పరుగెత్తి వెళ్ళి చదివేదాన్ని. "చువ్వ చల్లారింది." మళ్ళీ పొయ్యి దగ్గరికి పరుగు. కాల్చి తెచ్చి పొడవబోతే పలక ఎత్తేవాడు. మళ్ళీ పరుగు. "ఏమీ లేదు. పరుగు బాగుంది." రెండు రోజులకి బెజ్జం పూర్తయింది, నేను మూడు కిలోలు తగ్గాను.

అసలు కష్టం గొంతు పెట్టడంలో ఉంది. ఒకే ఆవు కొమ్ములైనా రెండూ ఒకలా పలకవు. నేను ఊదాలి, ఆయన కళ్ళు మూసుకుని వినాలి, బలపంతో కొమ్ము మీద గీత పెట్టాలి, అక్కడ గాజుపెంకుతో నేను గోకాలి, మళ్ళీ ఊదాలి. పొద్దున ఊదితే గట్టు మీద పోతున్న బాతుల మంద మొత్తం మా దొడ్లోకి తిరిగింది. బాతులాయన తల గోక్కుంటూ, "అమ్మగారూ, మీరు కాసేపు ఆపితే నా బాతుల్ని తోలుకెళ్ళిపోతానండి" అని బతిమాలుకున్నాడు. ఇంకోసారి ఎదురింటి మామ్మగారు బైబిలు ముందు ప్రార్థనలో ఉండగా ఊదాను. ఆవిడ వట్టికాళ్ళతో పరుగెత్తుకొచ్చి, ఆకాశం కేసి చూసి, "కడబూర మోగిందా అమ్మా? నేను చీరైనా మార్చుకోలేదే!" అంది. మావయ్య పలక మీద "ఇది మన నర్సమ్మ బూర, పరలోకం వాళ్ళది ఇంత ఘోరంగా ఉండదు" అని రాస్తే ఆవిడకి చదివి వినిపించాల్సింది కూడా నేనే. నాకు మాత్రం ఆ వారం రోజులూ ఒకటే ధ్యాస. ఈ కొమ్ము పలికితే గేదెలు ఇంటికొస్తాయి. గేదెలు ఇంటికొస్తే మావయ్య గోడవైపు తిరిగి పడుకోడు. నా తప్పు కడుక్కుపోతుంది. అంతకు మించి దేవుణ్ణి ఏమీ అడగలేదు.

గురువారం మధ్యాహ్నం మావయ్య పెట్టిన సన్నటి గీత మీద నాలుగు గీరులు గీరి ఊదాను. రెండు పొడుగు, ఒక తుంపు. కళ్ళు మూసుకుని ఉన్న మావయ్య కళ్ళు తెరవలేదు. వంటింట్లో అత్తయ్య గరిటె చప్పుడు ఆగిపోయింది. గుమ్మంలోకి వచ్చి, "చుక్క..." అంది. నేను గట్టు మీదకి పరుగెత్తబోతుంటే మావయ్య నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఇవాళ వద్దు. రేపు పొద్దున్న ఊదు." పొద్దున్న ఎందుకు, పిలిచేది సాయంత్రం కదా అనుకున్నాను గానీ, ఎండలో అలిసిపోయానని జాలిపడ్డాడనుకుని మంచినీళ్ళు తాగి పడుకున్నాను.

శుక్రవారం పొద్దున్నే గట్టెక్కి ఊదాను. మొదటి పొడుగుకే లంక మీద బంగారి తల లేచింది. రెండో పొడుగుకి నీళ్ళలోకి దిగింది. తుంపు పూర్తయ్యేసరికి ఐదూ వరసగా, ముట్టెలు పైకెత్తి, గుర్రపుడెక్క చీల్చుకుంటూ ఈదుకొచ్చేస్తున్నాయి. నేను గట్టు మీద గెంతులేస్తున్నాను. "అత్తయ్యా! వచ్చేస్తున్నాయి! మావయ్యా, చూడండి, వచ్చేస్తున్నాయి!" అని అరుస్తున్నాను. బంగారి నీళ్ళోడుతూ గట్టెక్కి నా చేతిలోని కొమ్ముని మూతితో వాసన చూసింది. దాని మెడ కావలించుకుని భోరున ఏడ్చాను. ఏడుస్తూ వెనక్కి తిరిగితే, ఐసు లారీలు ఆగే చోట, పంపుసెట్టు గది చాటున ఒక లారీ ఉంది. దాని వెనక తలుపు దించి ఉంది. ఒకాయన చేతిలో కొత్త పలుపుతాళ్ళు పట్టుకుని నడుచుకుంటూ వస్తున్నాడు. మా తాడేపల్లిగూడెంలో పాలకేంద్రం నడిపే ఆయన, నేను ఎరిగినవాడే. "అమ్మాయిగారూ, ఎంత బాగా పిలిచారండీ! కర్ర ఎత్తక్కర్లేకుండా వచ్చేశాయి" అన్నాడు.

నేను అత్తయ్య వైపు చూశాను. "ఏంటత్తయ్యా ఇది?" అన్నాను. అత్తయ్య గొంతులో కోపం లేదు, అది ఉంటే బాగుండేది. "నువ్వే అన్నావుగా అమ్మాయ్, మనిషి ముఖ్యమా గేదె ముఖ్యమా అని. ఆయనకి పొగ పడదు, వీటికి పొగ లేకపోతే బతుకులేదు. రెండూ ఒక ఇంట్లో ఎలాగే? మనిషే ముఖ్యమనుకున్నాను" అంది. "మరి నాకెందుకు చెప్పలేదు?" అంటే, "చెప్తే నువ్వు ఊదుతావా?" అంది. ఊదేదాన్ని కాదు. ఆ సంగతి మావయ్యకి తెలుసు. చూడి గేదెల్ని కొత్తవాళ్ళు కర్రలతో తరిమి, ఉరితాళ్ళు వేసి బురదలో ఈడ్చడం చూడలేక, చివరిసారి అవి పిలిస్తే వచ్చినట్టు రావాలని, వారం రోజులు కూర్చుని నా చేత కొమ్ము చేయించాడు. ఇంటికి తెచ్చుకోవడానికి అనుకుని నేను చేసింది పంపించెయ్యడానికి.

ఐదింటినీ లారీ ఎక్కించారు. లారీ కదిలింది. ఆ క్షణంలో నాకేం పట్టిందో, కొమ్ము నోట పెట్టుకుని ఊదేశాను. రెండు పొడుగు ఊదానో లేదో, లారీలో ఐదూ ఒక్కసారి వెనక్కి తిరిగాయి. బంగారి కాళ్ళెత్తి తలుపు మీద పడింది. తాళ్ళు బిగుసుకున్నాయి, లారీ గట్టు మీద ఒక పక్కకి ఒరిగింది, డ్రైవరు కేక పెట్టాడు. తుంపు నా నోట్లోంచి రాకముందే మావయ్య అరచెయ్యి వచ్చి కొమ్ము నోరు మూసేసింది. ఎప్పుడు పరుగెత్తుకొచ్చాడో తెలియదు, మెడలోంచి ఊపిరి ఈలలా కొడుతోంది. నన్ను కొట్టలేదు. నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పి కొమ్ము తీసుకుని, పైగుడ్డతో తుడిచి, లారీ దగ్గరికి వెళ్ళి పాలకేంద్రం ఆయన చేతిలో పెట్టాడు. ఎలా ఊదాలో చూపించబోయి, మూతి దాకా తీసుకెళ్ళి, ఆగిపోయాడు. నా వైపు తిరిగాడు. నేనే వెళ్ళి చెప్పాను. "రెండు పొడుగు, ఒక తుంపు అండీ. మీరు బలంగా ఊదక్కర్లేదు. ఊరికే కాస్త గాలిస్తే చాలు." లారీ దెందులూరు వైపు హైవే ఎక్కడానికి వెళ్ళిపోయింది. మావయ్య గట్టు మీదే కూర్చుని పలక ఒళ్ళో పెట్టుకుని పైగుడ్డతో తుడిచాడు. తర్వాత రాసి నాకు చూపించాడు. "బాగా ఊదావు."

మావయ్య ఆ తర్వాత రెండేళ్ళు బతికాడు. పొద్దు వాలే వేళకి వాకిట్లో కుర్చీ వేసుకుని కొల్లేటి వైపు చూస్తూ కూర్చునేవాడట. పలక మీద రాయడం మాత్రం తగ్గిపోయిందని అత్తయ్య చెప్పింది. ఆయన పోయాక అత్తయ్య మా ఇంటికి వచ్చేస్తూ రెండే వస్తువులు తెచ్చింది. ఒకటి గుండీల గిన్నె, రెండోది గోడ మీద నేను అంటించిన కాగితం. "నువ్వు అప్పుడు ఎంత చక్కగా రాశావో" అని మురిపెంగా ఇచ్చింది. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది. కాగితం విప్పి, ఒకటీ రెండూ మూడూ దాటి, కింద మూలన ఉన్న నాలుగో నంబరు చదివాను. మెడ మీద పల్చటి తడిగుడ్డ. గాలివాటం చూసుకుని కొట్టాన్ని ఇంటికి అవతలి పక్కకి జరిపి, పొగ వేసే వేళకి మావయ్య మెడకి తడిగుడ్డ కట్టి, గంటసేపు ఎదురింటి మామ్మగారి వసారాలో కూర్చోబెడితే సరిపోయేది. మనిషీ ఉండేవాడు, గేదెలూ ఉండేవి. అది నా చేత్తో నేనే రాశాను. నాకే తట్టలేదు. ఆ మాట అత్తయ్యకి ఇప్పటిదాకా చెప్పలేదు.

ఇప్పుడు ఏలూరులో నా డ్యూటీ టేబులు మీద పెన్నులు పెట్టుకునేది, ఆ సెలవుల చివర నా పెట్టెలో వేసుకొచ్చిన ఆ ఉడికిన కొమ్ములోనే. కొత్తగా చేరిన నర్సులు దాన్ని చూసి, "ఏంటి మేడమ్ ఇది, చేప నోరా?" అని నవ్వుతారు. మొన్న కైకలూరు వైపు నుంచి గొంతు ఆపరేషనైన ఒకాయన్ని నా టేబులు దగ్గరే డిశ్చార్జి చేస్తున్నారు. ఒక చిన్న నర్సు, సరిగ్గా అప్పటి నా వయసుదే, కాగితం పట్టుకుని గడగడా చదివేస్తోంది. పొగ దగ్గరికి పోకూడదు, దుమ్ము దగ్గరికి పోకూడదు అని. నేను ఆ పిల్ల చేతిలోంచి కాగితం తీసుకుని, ఆయన పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, "ఏవండీ, ఇంట్లో గొడ్లున్నాయా?" అని అడిగాను. ఆయన మెడ కట్టు మీద చెయ్యి పెట్టుకుని నాలుగు వేళ్ళు చూపించాడు. పక్కన ఆయన భార్య, "నాలుగున్నాయమ్మా, ఇక అమ్మేద్దామనుకుంటన్నామండి" అంది. "అప్పుడే వద్దండీ. మీ కొట్టం ఇంటికి ఏ పక్కన ఉందో, సాయంత్రం గాలి ఎటునుంచి వస్తుందో ముందు నాకు చెప్పండి" అన్నాను. ఆ పిల్లా, పక్కనున్న ఇంకో చిన్న నర్సూ మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకుంటున్నారు. నవ్వనీ. ఆ వయసులో నాకు కూడా తెలియని విషయమంటూ ఏదీ ఉండేది కాదు. ఆవిడ గాలివాటం చెప్పడం మొదలెట్టింది, నేను కొమ్ములోంచి పెన్ను తీసి అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాలతో, తడిగుడ్డ అని రాశాను.